ఫెయిర్‌ట్రేడ్ ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టొచ్చా?

నెల్లూరు నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. పండించినవాడికి న్యాయమైన ధర ఇస్తున్నామని చెప్పే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్న చాక్లెట్‌ని మామూలు దానికి రెట్టింపు పెట్టి కొన్నారట. ఇంట్లో ఆయన నవ్వారట. "ఆ దుడ్లు రైతుకి పోతాయనుకున్నావా? అదేదో అనాథాశ్రమానికి ఇస్తే పోలా?" అని. నిజంగా రైతుకి చేరతాయా, మన వెంకటగిరి చీరలకీ రొయ్యలకీ ఇలాంటి ఏర్పాటేమైనా ఉందా అని ఆవిడ సందేహం.

నేను చేనేత సహకార సంఘాల లెక్కల దగ్గర పని మొదలుపెట్టి, తర్వాత విదేశాల్లో కొనేవాళ్లకి చీరలు, దుపట్టాలు, చెక్క సామాను సేకరించి పంపే పనిలో బతికినవాణ్ణి. ఇలాంటి ముద్రలిచ్చే ఆడిటర్లకి రిజిస్టర్లు చూపించడం కూడా ఆ పనిలో భాగమే. కాబట్టి దాచుకోకుండా చెప్తాను.

కొనండమ్మా. డబ్బు చేరుతుంది, మీరు ఎక్కువ పెట్టినదంతా మాత్రం చేరదు. అయినా కొనమంటున్నది ఆ నాలుగు రూపాయల కోసం కాదు. ధర పడిపోయినప్పుడు ఆ దెబ్బ ఎవరు కాయాలి అన్న దాని గురించి ఫెయిర్‌ట్రేడ్‌లో ముందే రాసుకున్న ఒప్పందం ఉంటుంది. మామూలు వ్యాపారంలో అది ఉండదు.

నెల్లూరు, ప్రకాశం, మన రెండు జిల్లాలనే తీసుకోండి. పొదలకూరు, గూడూరు మార్కెట్లలో నిమ్మకాయ బస్తా ఎండాకాలంలో బంగారం, వానలు పడ్డాక కోతకూలి కూడా రాని సరుకు. కమిషన్ మాత్రం రెండు కాలాల్లోనూ వస్తుంది. వడ్లు చూడండి. మన పుట్టి 850 కిలోలని చిన్నపిల్లాడికీ తెలుసు. కోతలన్నీ ఒకేసారి వచ్చి కల్లంలో వడ్లు తడుస్తుంటే, తేమనీ తరుగనీ చెప్పి పుట్టికి ఇంకొన్ని కిలోలు కలపమంటారు. రైతుకి ఆగే ఓపిక ఉండదు. ప్రకాశంలో 2025లో నల్ల బర్లీ పొగాకు సంగతి ఇంకా తాజాగానే ఉంది. వేయమన్నప్పుడు వేశారు, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, చివరికి మార్క్‌ఫెడ్ చేత ప్రభుత్వమే కొనిపించాల్సి వచ్చింది.

అన్నిటికంటే తేటగా తెలిసేది రొయ్యల్లో. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ సుంకం కట్టాల్సింది అక్కడ దిగుమతి చేసుకునేవాడు. కానీ వాడు ఇక్కడి ఎగుమతిదారుణ్ణి తగ్గించమన్నాడు, ఎగుమతిదారు వంద కౌంటుకీ (కిలోకి వంద తూగే రొయ్య) యాభై కౌంటుకీ రేటు కోసి ప్రకటించాడు, ఆ కోత చెరువు గట్టు మీద నిలబడ్డ రైతు దగ్గరికొచ్చి ఆగింది. మేత కంపెనీ రేటు తగ్గించలేదు, లీజూ తగ్గలేదు, కరెంటు బిల్లు అంతే. రొయ్యని చెరువులో ఇంకో నెల ఉంచుదామంటే జబ్బు భయం. పట్టుబడి చేయక, అంటే రొయ్య పట్టి అమ్మేయక తప్పదు. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు, దొంగతనం చేయలేదు. ఆగలేనివాడి మీదికి నష్టం జారుతుందంతే.

ఈ జారుడుకి ఎక్కడో ఒకచోట అడ్డం వేయాలన్నదే ఫెయిర్‌ట్రేడ్. 1988లో నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ అన్న పేరుతో మొదటి ముద్ర వచ్చింది, మెక్సికో కొండల్లోని చిన్న రైతుల సహకార సంఘం కాఫీ మీద. ఆ మరుసటి ఏడే అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటాలు కూలిపోయి ధర నేలకంటింది. కనీస ధర ఎందుకు కావాలో ఉపన్యాసాలు చెప్పే పని లేకుండా పోయింది. వేర్వేరు దేశాల ముద్రల సంస్థలు 1997లో ఒక గొడుగు కిందికి వచ్చాయి. మీరు చూసే నీలం, ఆకుపచ్చ ముద్ర 2002 నుంచి వాడుకలో ఉంది.

కాఫీ లెక్క తెలిస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి. కడిగి తీసిన అరబికా రకం కాఫీ గింజలకి కనీస ధర 2023 ఆగస్టు నుంచి పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 1.80 డాలర్లు. మార్కెట్ అంతకంటే పడితే కొనేవాడు ఇంతకు తగ్గకూడదు. మార్కెట్ పైన ఉంటే మార్కెట్ ధరే ఇవ్వాలి. 2025 ఫిబ్రవరిలో అరబికా 4 డాలర్లు దాటినప్పుడు ఈ కనీస ధరతో ఎవరికీ పని పడలేదు, పడాల్సిన అవసరమూ లేదు. ధర ఎలా ఉన్నా పౌనుకి ఇంకో 20 సెంట్లు ప్రీమియం అని సంఘానికి జమవుతుంది. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో సభ్యులు కూర్చుని ఓటేసి తేల్చుకోవాలి. ఇవి కాక రైతుల సంఘం అడిగితే ఒప్పందం విలువలో కొంత భాగం పంట చేతికి రాకముందే సర్దాలి.

ఈ మూడింట్లో జనం మాట్లాడేది మొదటి దాని గురించి. నా మాట వింటే, ఎక్కువ మేలు చేసేది చివరిది. ముందే డబ్బు చేతిలో పడినవాడు మండీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకోడు. అప్పు లేనివాడు తన సరుకు తనకు నచ్చినచోట అమ్ముకుంటాడు. మన పల్లెల్లో బేరం ఓడిపోయేది విత్తనాలకి అప్పు తెచ్చిన రోజే కదా.

చాక్లెట్ దగ్గరికి వస్తాను. రేపరు తిప్పి ముద్ర పక్కన చిన్న బాణం గుర్తుందేమో చూడండి. బాణం ఉంటే, మీ చేతిలోని ముక్కలో ఉన్నది అచ్చంగా ఆ రైతుల కోకోనే అని చెప్పలేం. కంపెనీ ఎంత ఫెయిర్‌ట్రేడ్ కోకో కొన్నదో అంతకు సరిపడా చాక్లెట్ మీదే ముద్ర వేసుకుంటుంది, ఫ్యాక్టరీలో గింజలు మాత్రం కలిసిపోతాయి. కోకో, పంచదార, టీ, పళ్ల రసాలకి ఈ సడలింపు ఉంది, కాఫీకి లేదు. ఇది మోసమని కొందరు గొడవ చేస్తారు. నాకు అలా అనిపించదు. రైతుకి ఆ లెక్క ప్రకారం డబ్బు పడిందా లేదా అన్నదే ముఖ్యం, నా నోట్లోకి ఎవరి గింజ వచ్చిందన్నది కాదు. మీరు పెట్టిన రెట్టింపు ధరలో మాత్రం దిగుమతి సుంకం, మంచి రేపరు, దుకాణం అద్దె చాలా భాగం తినేస్తాయి. అది రైతు మీద ప్రేమతో పెట్టిన ఖర్చని అనుకోబాకండి.

కోకో విషయంలో దూరం పోనక్కర్లేదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల మధ్య పండేది కోకోనే. 2024 వేసవిలో పలికిన ధర మరుసటి ఏడాదికి ఘోరంగా పడితే రైతులు రోడ్డెక్కారు, ప్రభుత్వం కలగజేసుకోవాల్సి వచ్చింది. కనీస ధర అన్నది ఆఫ్రికా గొడవ మాత్రమే కాదని చెప్పడానికే ఇది.

ఫెయిర్‌ట్రేడ్ మీద ఉన్న విమర్శలూ చెప్పాలి, లేకపోతే నేను ప్రచారకర్తనైపోతాను. ముద్ర ఉన్న సంఘం కూడా తన పంటంతా ఆ ధరకి అమ్ముకోలేదు. కొనేవాళ్లు ఎంత కొంటే అంత, మిగతాది మామూలు బజారుకే. ఆడిట్ ఫీజులూ కాగితాలూ చిన్న సంఘానికి మోయలేని బరువు. రిజిస్టర్లు రాసే ఒక్క కుర్రాడు ఉద్యోగం మానేస్తే సర్టిఫికెట్ పోయే పరిస్థితి నేను చూశాను. వీటికంటే పెద్ద విమర్శ ఇంకొకటుంది. 2014లో లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇథియోపియా, ఉగాండాల్లో పరిశీలించి, ఫెయిర్‌ట్రేడ్ సంఘాలున్న చోట కూలికి పోయేవాళ్ల బతుకు మిగతా చోట్ల కంటే మెరుగ్గా లేదని తేల్చారు. రైతుకి దక్కింది రైతు దగ్గరే ఆగింది. మనకి ఇది కొత్తేమీ కాదు. రొయ్యల రైతు కష్టం గురించి అందరం మాట్లాడతాం. తల వలిచే షెడ్డులో మంచుగడ్డల నీళ్లలో చేతులు పెట్టి నిలబడే ఆడవాళ్ల గురించి 2024లో అమెరికా పత్రికలు రాసేదాకా ఇక్కడ ఎంతమంది మాట్లాడాం? ఎగుమతి రొయ్యల మీద ఉండే అంతర్జాతీయ సర్టిఫికెట్లు ఎక్కువగా నీటి శుభ్రత, మందుల అవశేషాలు, జాడ తెలుసుకోవడం చుట్టూ పుట్టినవి. కూలీల నిబంధనలు వాటిలో ఉన్నా, చెరువు రైతుకి కనీస ధర హామీ ఇవ్వడం వాటి పని కాదు.

అందుకని ఏ ముద్ర చూసినా ఇది ఏం చెప్తోంది, ఏం చెప్పట్లేదు అని అడగాలి. మన వస్త్రాల దుకాణంలో కనిపించేవే చూడండి. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ అది అసలు పట్టు అని చెప్తుంది. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ చేతిమగ్గం మీద నేసిందని చెప్తుంది. వెంకటగిరి చీరకీ ఉదయగిరి చెక్క గరిటెలకీ ఉన్న భౌగోళిక గుర్తింపు ఎక్కడ తయారైందో చెప్తుంది. నేసిన మనిషికి ఎంత ముట్టిందో వీటిలో ఒక్కటీ చెప్పదు. చెప్పడం వాటి బాధ్యతా కాదు. అవి పనికిమాలినవని నా ఉద్దేశం కాదు సుమా. 1985 నాటి చట్టం ప్రకారం కొన్ని రకాల చీరలు, పంచెలు, తువ్వాళ్లు చేతిమగ్గానికే కేటాయించినా, పవర్‌లూమ్ సరుకు చేనేత పేరుతో దర్జాగా అమ్ముడుపోతోంది. ముందు అది ఆగితే తప్ప మజూరి (నేత కూలి) గురించి మాట్లాడే వీలే లేదు.

ఇక చీర. కాగితం మీద వెంకటగిరి తిరుపతి జిల్లాకీ, చీరాల బాపట్ల జిల్లాకీ 2022లో వెళ్లిపోయాయి. మాబోటి పాతవాళ్ల నోటికి అవి ఇంకా నెల్లూరు, ప్రకాశాలే. కోవూరు పక్కన పాటూరు మాత్రం కాగితం మీద కూడా మనదే. ఈ ఊళ్లలో ఎక్కడికి వెళ్లినా పని నడిచే తీరు ఒకటే. మాస్టర్ వీవరు నూలు, జరీ, డిజైను ఇస్తాడు. నేతగాడు ఇంట్లో మగ్గం మీద నేసి చీరలు అప్పజెప్తాడు, మజూరి తీసుకుంటాడు. పెళ్లికో ఆసుపత్రికో ముందుగా కొంత బాకీ తీసుకుని ఉంటాడు, అది తీరేదాకా ఇంకొకరికి నేయడానికి లేదు. అంచులో చిన్న లోపముందని కోత పెడితే ఎదురు మాట్లాడలేడు. మాస్టర్ వీవరులందరూ రాక్షసులని నేనట్లేదు. అమ్ముడుపోని చీరలు బీరువాల్లో పెట్టుకుని, దుకాణాలకి అరువిచ్చి, ఆరు నెలలు డబ్బు కోసం తిరిగే మాస్టర్ వీవరులు నాకు బోలెడుమంది తెలుసు. అతనికి పైన షోరూం ఆలస్యం చేస్తే, అతను కింద మగ్గానికి ఆలస్యం చేస్తాడు. సహకార సంఘాల్లో సభ్యుడికి ఈ బాకీ ముడి లేదు గానీ, కొనేవాళ్ల నుంచి బకాయిలు రాక మజూరి ఆగిపోవడం అక్కడా ఉంది.

పైగా మజూరి అనే ఆ ఒక్క మొత్తం వెనక ఎంతమంది ఉన్నారో చూడండి. దారం పేర్చి ఆసు పోసేది ఇంట్లో ముసలమ్మ. కండెలు చుట్టేది భార్య, స్కూలు నుంచి వచ్చాక పిల్ల. పడుగు (నిలువు దారాలు) అతికేవాడికి విడిగా కూలి. వెంకటగిరి జాందానీ బుటా చీరకైతే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. చీటీ మీద రాసేది మాత్రం ఒకే పేరు. 2019-20 నాటి చేనేత గణనలో నేత కుటుంబాల్లో మూడింట రెండొంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపేనని తేలింది. కుటుంబమంతా కలిసి సంపాదించింది అది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలకి గుంటమగ్గంలో నీళ్లు చేరితే అదీ లేదు. నీళ్లు తోడుకుని, గుంట ఆరి, తడిసిన పడుగు బాగుపడేదాకా పొయ్యి వెలిగేది అప్పు మీదే.

"మజూరి పెంచితే చీర ఎవరు కొంటారు?" అని షోరూం వాళ్లు అంటుంటారు. లెక్క వేద్దాం, ఇవి ఊరికే ఉదాహరణకి వేసుకున్న అంకెలు. చీరకి 200 రూపాయలు మజూరి పెరిగిందనుకోండి. మాస్టర్ వీవరు నూటికి 20 కలిపితే 240. హోల్‌సేల్ వాడు ఇంకో 20 శాతం కలిపితే 288. షోరూం 50 శాతం వేసుకుంటే 432. నేతగాడికి 200 ఇవ్వడానికి మీ జేబులోంచి 432 పోతుంది. అందులో సగం పైగా, మజూరి పెరిగిందన్న సాకుతో మధ్యవాళ్లు అదనంగా తీసుకున్నది. మధ్యవాళ్లు శాతాన్ని కాకుండా పాత రూపాయల లాభాన్నే ఉంచుకుంటే మీకు పెరిగేది 200 మాత్రమే. కాబట్టి న్యాయమైన మజూరి వల్ల చీర అందనంత ఎత్తుకి పోతుందన్న మాట నమ్మకండి. ధర పెంచేది మధ్యలో ఎన్ని చేతులున్నాయన్నది.

చేతివృత్తుల ఫెయిర్‌ట్రేడ్‌కి మీ చాక్లెట్ ముద్ర వర్తించదు. దానికి ప్రపంచ ఫెయిర్‌ట్రేడ్ సంస్థ అని వేరే ఉంది, పది సూత్రాల మీద నడుస్తుంది. వాటిలో నాకు ప్రాణం లాంటిది ఒకటుంది. చేతివృత్తి సరుకు కొనేవాళ్లు, తయారీదారు అడిగితే, ఆర్డరు విలువలో కనీసం సగం వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి. ఆ సగం చేతిలో ఉంటే సంఘం నూలు నగదుకి కొంటుంది, మజూరి వారం వారం ఇస్తుంది. లేకపోతే అదే సంఘం అరువు నూలుకి ఎక్కువ పెట్టి, నేసినవాడిని ఆగమంటుంది. ఒకే చీర, ఒకే ధర. డబ్బు ఎప్పుడు వచ్చిందన్న తేడాకే ఇంటి బతుకు మారిపోవడం నేను లెక్కల పుస్తకాల్లో చూసినవాణ్ణి.

అనాథాశ్రమం మాటకి జవాబు ఇక్కడే ఉంది. అక్కడికీ ఇవ్వండి, ఎవరు కాదన్నారు? కానీ మగ్గం మీద కూర్చున్న మనిషి మీ దయ అడగట్లేదు, తన పనికి రావాల్సింది అడుగుతున్నాడు. తక్కువ ధరకి కొని మిగిల్చిన డబ్బులోంచి దానం చేయడం నాకెప్పుడూ మింగుడు పడలేదు. అది నా అభిప్రాయం, మీ ఆయన ఒప్పుకోకపోవచ్చు.

ఉదయగిరి గరిటెల గురించి రెండు ముక్కలు. దగ్గరి కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కతో చేస్తారు, చెక్కేదీ నగిషీ దిద్దేదీ ఎక్కువగా ఆడవాళ్లే. చిన్న వస్తువు కాబట్టి బేరం చాలా ఘోరంగా ఆడతారు జనం. ఇరవై రూపాయల దగ్గర ఐదు తగ్గించమంటారు. ఆ ఐదు ఆవిడ కూలిలోంచే పోతుంది, చెక్క ధర తగ్గదు కదా. అక్కడ బేరం ఆడకపోవడమే మీరు చేయగలిగిన ఫెయిర్‌ట్రేడ్.

రొయ్యలు మానేయాలా అని చాలామంది అడుగుతారు. మానేయబాకండి. నెల్లూరులో ఒక ఇల్లు రొయ్యలు తినడం మానేస్తే, రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతి చేసే ప్లాంటు వాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అమెరికా తలుపు మూసినప్పుడు మనదేశంలో తినేవాళ్లు పెరగడమే చెరువు రైతుకి కాస్త ఊపిరి. కుదిరితే పట్టుబడి రోజు చెరువు దగ్గరే నాలుగు ఇళ్లవాళ్లు కలిసి కొనుక్కోండి. ప్లాంటు ఇచ్చే రేటుకంటే కొంచెం ఎక్కువిచ్చినా మార్కెట్ కంటే మీకు తక్కువే పడుతుంది, తూకం మీ కళ్లముందే.

చీర విషయంలో నేను చెప్పేది ఇది. పెళ్లిళ్ల సీజన్‌లో, దసరాకి అందరూ కొంటారు. మగ్గానికి మీ అవసరం ఆ నెలల్లో కాదు, సరుకు కదలని నెలల్లో. ఆషాఢం డిస్కౌంట్ బోర్డు చూసినప్పుడు ఆ తగ్గింపు ఎవరు భరిస్తున్నారని అడగండి. పాత సరుకు వదిలించుకోవడానికి దుకాణం తన లాభంలో తగ్గించుకుంటే మంచిదే. సరఫరా చేసినవాడి బిల్లులో కోస్తే అది చివరికి మజూరిలో తేలుతుంది. దుకాణంలో "ఇది ఎవరు నేశారు, ఎన్ని రోజులు పట్టింది, మీరు వాళ్లకి డబ్బు ఎప్పుడు ఇస్తారు?" అని అడిగి చూడండి. మొదటి రెంటికీ కథలు చెప్తారు. మూడోదానికి తడబడకుండా జవాబు చెప్పిన దుకాణం దొరికితే, దాన్ని వదలబాకండి.

పాటూరులోనో వెంకటగిరిలోనో నేరుగా సంఘం దగ్గర ఆర్డరిస్తే సగం డబ్బు ఆ రోజే కట్టేయండి. రంగు, నూలు కౌంటు (దారం ఎంత సన్నం), జరీ రకం, పొడవు, ఇచ్చే తేదీ చీటీ మీద రాయించుకోండి. ముందే డబ్బు కట్టారు కాబట్టి ఆ రాత మీకూ రక్షణే. వానాకాలంలో తేదీకి ఇంకో పదిహేను రోజులు కలుపుకోండి. చీర చేతికొచ్చిన రోజు మిగతా సగం అక్కడికక్కడే ఇచ్చేయండి, వచ్చే నెలకి పెట్టబాకండి.